వేషానికి సర్కారు చిట్టి

నేను ప్రాంప్టర్‌ని. ఈ మాట మీ వయసు వాళ్లకు అర్థం కావడం లేదని ఈమధ్యే తెలిసింది. మా సైనిక్‌పురి కాలనీ హాల్లో కాలేజీ పిల్లలు నాటకం కడుతున్నారంటే చూడటానికి వెళ్లాను. "స్క్రిప్టు ఉంది తాతగారూ, కానీ అలాగే వేయం. ఒక కళాకారుడి పద్ధతి పట్టుకుని మేమంతా కలిసి అల్లుకుంటాం. చాలా కొత్త పద్ధతి" అని ఒకమ్మాయి ఓపికగా చెప్పింది. నేను బుద్ధిగా తల ఊపాను. ఈ కాలనీ ఇంకా సీతాఫలం పొదలుగా ఉన్న రోజుల్లోనే, ఇక్కడికి కూతవేటు దూరంలో, కాప్రా సంతలో మేమా పని చేశామని ఆ పిల్లతో అనలేదు. మేము కొత్తదనం కోసం చేయలేదు లెండి. ఉద్యోగాలు ఊడిపోతాయన్న భయంతో చేశాం.

ముందు ప్రాంప్టర్ అంటే చెప్పాలి. తెర పక్కన పుస్తకం పట్టుకుని నిలబడి, నటుడు మాట మరిచిపోయినప్పుడు జనానికి వినపడకుండా, అతనికి మాత్రం వినపడేలా అందించేవాడు. మా కాలంలో చాలామంది నటులు మరిచిపోవడం కోసమైనా ముందు నేర్చుకునేవాళ్లు కాదు. మొత్తం నా మీదే వదిలేసేవాళ్లు. అందుకే ఎవరైనా మాట్లాడుతుంటే నా పెదవులు కదులుతుండేవి. ఇరానీ హోటల్లో పక్క బల్ల మీద ఎవరో చాయ్ చెప్పబోయి తడబడితే నేను అందించి తిట్లు తిన్న రోజులున్నాయి.

అప్పటికి పోలీస్ యాక్షన్ అయి, నిజాం పాలన పోయి మూడేళ్లు దాటింది. దేశమంతా మొదటిసారి ఓట్లు వేయబోతోంది. ఓటంటే ఏమిటో జనానికి చెప్పడానికి సర్కారు ప్రచార శాఖ వాళ్లు సికింద్రాబాద్‌లో ఒక చిన్న నాటక దళం పెట్టారు. మోండా మార్కెట్ వెనక ఒక పాత గోదాము మేడ మీద మా ఆఫీసు. ఉన్నది ముగ్గురం. మా పెద్దాయన ఒకప్పుడు కోస్తా వైపు నాటక కంపెనీలో రాజు వేషాలు వేసినవాడు. కంపెనీ మూతపడినా కిరీటం దిగలేదు, అందుకే ఆయన్ని రాజావారూ అనేవాళ్లం. రెండో ఆయన ఆడవేషాలు వేసేవాడు. సన్నగా, నాజూగ్గా ఉండేవాడు, ఆ సంగతి ఆయనకూ తెలుసు. మూడోవాణ్ణి నేను. ముగ్గురివీ టెంపరరీ నౌకరీలే.

పై ఆఫీసు నుంచి మాకో నాటకం పుస్తకం వచ్చింది. ఎవరో ఇంగ్లీషులో రాస్తే, ఇంకెవరో గ్రాంథికంలోకి మార్చారు. అందులో ప్రజాస్వామ్య దేవి పద్మం పట్టుకుని దిగివస్తుంది. ఓటు అనే యువకుడు కిరీటం పెట్టుకుని ఆమెకు మొక్కుతాడు. ఇద్దరూ రెండు గంటలు మాట్లాడుకుంటారు. లాలాగూడలో ఒకసారి వేశాం. మధ్యలో ఒక పెద్దావిడ లేచి స్టేజీ ఎక్కి, దేవి కాళ్ల దగ్గర కొబ్బరికాయ కొట్టి, వాళ్ల బర్రె మళ్లీ పాలిచ్చేట్టు చూడమని మొక్కింది. మా ఆడవేషం ఆయన చల్లగా దీవించి, ఒక చిప్ప ఇంటికి పట్టుకెళ్లాడు.

ఈ వార్త ఆఫీసరుగారి దాకా పోయింది. ఆయన మద్రాసు వైపు నుంచి డెప్యుటేషన్ మీద వచ్చినవాడు, పనిరాక్షసుడు, నవ్వగా చూసినవాళ్లు లేరు. ముగ్గురినీ నిలబెట్టి రెండు వారాలు గడువిచ్చారు. కాప్రా సంతరోజు తానే స్వయంగా వచ్చి చూస్తానన్నారు. జనానికి అర్థం కావాలి, పుస్తకంలోని విషయాల్లో ఒక్కటీ జారిపోకూడదు. ఈ రెండింట్లో ఏది తప్పినా దళం రద్దు. మెట్లు దిగేటప్పుడు రాజావారు మొదటిసారి మామూలు గొంతుతో మాట్లాడాడు. "ఏమయ్యా, నాకీ వయసులో ఇంకో పని ఎవరిస్తారు?" అన్నాడు. జాలేసింది.

అప్పుడు నాకు చాచా గుర్తొచ్చాడు.

చాచా బహురూపి. ఆ విద్య ఇప్పుడు లేదు కాబట్టి ఇదీ చెప్పాలి. బహురూపికి స్టేజీ ఉండదు, తెర ఉండదు. వారం పది రోజులు రోజుకొక వేషంలో బజార్లో తిరుగుతాడు. వేషమని ఎవరికీ చెప్పడు. చివరి రోజున సొంత బట్టల్లో ఇంటింటికీ వచ్చి సలాం చేసి, "ఫలానా రోజు వచ్చింది నేనే" అంటాడు. జనం నోరు వెళ్లబెట్టి, ఇనాం ఇస్తారు. మధ్యలో ఎవరైనా కనిపెడితే ఆ గడపలో ఇనాం లేదు. అలాగని తనంతట తాను అదే రోజు బయటపడటమూ తప్పే, నమ్మినవాళ్లను నలుగురిలో అవమానించినట్టు. నా చిన్నప్పుడు చాచా ప్లేగు డాక్టరు వేషంలో మా ఇంటికొచ్చి, మా అమ్మ చేత బియ్యం డబ్బాలతో సహా సామానంతా వాకిట్లో పెట్టించాడు. చివరి రోజున సలాం చేస్తే మా నాన్న పడీపడీ నవ్వి కొత్త ధోవతి ఇచ్చాడు. మా అమ్మ మాత్రం ఏడాది పాటు చాచాతో మాట్లాడలేదు.

మోండాలో వెతికితే ఒక అరుగు మీద టోపీలు కుడుతూ కనిపించాడు. తెల్ల ఖద్దరు టోపీలు. ఊరంతా నిజాం కాలపు రూమీ టోపీలు తీసేసి ఇవి పెట్టుకుంటున్న రోజులు కాబట్టి గిరాకీ బాగుండేది. గడ్డాలు తీసినవాళ్లు, బొట్లు పెట్టినవాళ్లు, షేర్వాణీలు పెట్టెల్లో దాచినవాళ్లు, అందరూ ఏదో ఒకటి మార్చుకున్నారు. వేషమే బతుకుగా ఉన్న చాచా ఒక్కడే వేషం మానేశాడు.

ఎందుకు మానేశాడో అడిగితే కుడుతూనే చెప్పాడు. సైన్యం వచ్చిన ఆ వారంలో ఆయన అత్తరు అమ్మే అరబ్బు వేషంలో ఉన్నాడట. తిరుమలగిరి దారిలో పట్టుకున్నారు. బహురూపినని చెప్పి గడ్డం పీకి చూపించాడు. నిజం గడ్డమైతే వదిలేసేవాళ్లేమో, పెట్టుడు గడ్డం చేతిలోకి ఊడి వచ్చేసరికి అనుమానం రెట్టింపైంది. పన్నెండు రోజులు చౌకీలో కూర్చోబెట్టారు. "దినాం ఒకటే సవాలు, బేటా. నీ అసలు రూపం ఏందీ, అని. నేను సుత మస్తు ఆలోచన జేసిన" అని నవ్వాడు. సూది పట్టుకున్న వేళ్లు మాత్రం ఆగిపోయాయి. పనిలేక కాదు, భయంతోనే ఆయన వేషం కట్టడం లేదని నాకు అర్థమైంది.

బతిమాలాను. చివరికి ఒప్పుకున్నాడు. "నేర్పిస్త గని కట్టను" అన్నాడు. ఇంకో షరతు పెట్టాడు. మా వాళ్లెవరు వేషంలో బయటికి పోయినా ముందు ఠాణాలో, ఫలానా మనిషిది వేషమేనని చిట్టి రాసిచ్చి రావాలి. ఆ బాధ్యత నాది. అదెంత పని అనుకున్నాను.

ఇక చాచా బడి షురూ అయింది. రాజావారిని స్టేషన్ బయట చెప్పులు కుట్టే మోచీని మూడు రోజులు చూసి రమ్మన్నాడు. రాజావారు చూసొచ్చి, గోదాము దద్దరిల్లేలా మోచీగా మాట్లాడాడు. చాచా చెవులు మూసుకుని, "రాజా సాబ్, మోచీ మీ మొఖం దిక్కు చూడడు. మీ చెప్పుల దిక్కు చూస్తడు" అన్నాడు. ఆ ఒక్కమాటతో రాజావారి తల కిందికి దిగింది, గొంతూ దిగింది. నాలుగో రోజు నేను ఠాణాలో చిట్టి ఇచ్చి వచ్చాక, జేమ్స్ స్ట్రీట్‌లో గోనె పరుచుకుని కూర్చున్నాడు. ఎవరో తెగిన చెప్పు ఇచ్చారు. ఈయన దాన్ని ఇంకాస్త చింపాడు. ఆ మనిషి నడిబజార్లో నోటికొచ్చినట్టు తిట్టాడు. రాజావారు పరుగున మెట్లెక్కి వచ్చి, "తిట్టాడయ్యా! చేతకానప్పుడు ఈ పనెందుకు రా అన్నాడు, నన్ను నిజంగానే మోచీ అనుకున్నాడు!" అని మమ్మల్ని కావలించుకున్నాడు. చప్పట్లకు కూడా ఆయన అంత సంబరపడగా నేను చూడలేదు.

నాకిచ్చిన శిక్ష వేరు. ఒక రోజంతా పెదవులు కదపకుండా ఉండాలి. మధ్యాహ్నానికి తల ప్రాణం తోకకొచ్చింది. చాచా దగ్గర కూర్చుని, "నీకు అందరి మాటలు తెలుసు బేటా, నీ మాట ఏందో నీకు తెల్వది" అన్నాడు. అప్పుడు కోపం వచ్చింది. తర్వాత కూడా కొంతకాలం వచ్చింది.

మెల్లగా నాటకం అల్లుకుంది. దేవిని తీసేశాం, కిరీటం తీసేశాం. పుస్తకంలో ఒక మూల నాలుగు ముక్కలున్నాయి. చదువురాని ఒక ముసలమ్మ ఓటు వేయడానికి వచ్చి అనుమానాలు అడుగుతుంది, ఎన్నికల గుమాస్తా జవాబు చెప్తాడు. అదే చాలన్నాడు చాచా. సంతలో ఒక డేరా వేస్తాం, అందులో అభ్యర్థికొకటి చొప్పున, గుర్తులున్న రంగు కాగితాలు అంటించిన డబ్బాలు పెడతాం, వాటికి అడ్డంగా మా పాత నాటకం తెర కడతాం. తెర మీద బొమ్మ దండకారణ్యం, పోనీలెమ్మనుకున్నాం. రాజావారు గుమాస్తాగా కూర్చుంటాడు. ఆడవేషం ఆయన ముసలమ్మగా సంతలో జనంలోంచే వస్తాడు. ఇది నాటకమని ఎవరికీ చెప్పం. నేను తెర వెనక పుస్తకం పట్టుకుని, అందులోని ఒక్కో విషయం రాగానే టిక్కు పెడతాను. ప్రాంప్టింగ్ లేదు. రాజావారికి తొమ్మిది మాటలు. అన్నీ కంఠతా వచ్చేశాయి, ఆయన జీవితంలో మొదటిసారి.

సంతరోజు వచ్చింది. కాప్రా చెరువు పక్క మైదానంలో పొద్దున్నే డేరా వేశాం. ఆఫీసరుగారికి డేరా పక్కనే చెట్టు నీడలో కుర్చీ వేశాం. ఆడవేషం ఆయన చీర కట్టుకుని, కొంగు తలమీద వేసుకుని, వంకాయలు అమ్మేవాళ్ల మధ్యలోకి నడిచాడు. పది అడుగులు పోయాడో లేదో, ఒకావిడ తక్కెడ దించి, "అవ్వా, మీసం గొరిగిన కాడ పచ్చగున్నది, పసుపన్న రాసుకోవద్దా?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. పాపం, ఆయన నడుము తిప్పుకుంటూ తిరిగి డేరా వెనక్కి వచ్చి, చీర విప్పి నేలకేసి కొట్టి, మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. దూరంగా నేరేడ్‌మెట్ దారిలో జీపు దుమ్ము కనపడుతోంది. రాజావారు డేరాలోంచి నా వైపు చూశాడు. ముసలమ్మ లేకపోతే ఆ తొమ్మిది మాటలు ఎవరితో చెప్తాడు?

చాచా లేచి ఆ చీర తీసుకున్నాడు. దుమ్ము దులిపి, కుచ్చిళ్లు లెక్క చూసుకున్నాడు. తర్వాత నన్నడిగాడు, "బేటా, ఠాణాల చిట్టి ఇచ్చినవ్ గదా?"

చిట్టి నా చొక్కా జేబులోనే ఉంది. ముందురోజంతా విషయాల జాబితా శుభ్రంగా రాసుకోవడంలో మునిగి మరిచిపోయాను. జీపు చెరువు మలుపు తిరిగింది. "ఇచ్చిన చాచా" అన్నాను.

నా ఉద్యోగంలో అబద్ధాలు చాలా చెప్పాను, అంత నీచమైనది ఇంకోటి లేదు. మీకు నీతులు చెప్పడానికి కాదు, జరిగింది కాబట్టి రాస్తున్నాను. ఆయన మూడేళ్లుగా దేనికి భయపడుతున్నాడో తెలిసిన మనిషిని నేనొక్కణ్ణే. నా నౌకరీ కోసం ఆయన్ని దాంట్లోకే తోశాను.

చాచా మమ్మల్ని అటు తిరగమన్నాడు. మేము మళ్లీ చూసేసరికి అక్కడ చాచా లేడు. ఒక ముసలమ్మ సంచీ చంకన పెట్టుకుని, ఎడమ మోకాలు నొప్పి ఉన్నదానిలా ఆగి ఆగి నడుస్తూ పోతోంది. ఇందాక మీసాల మాట అన్న ఆవిడే జరిగి దారిచ్చి, "కూసోరాదు అవ్వా, ఎండల బడితివి" అంది. నేను తెర వెనక చీకటి మూలకి పోయి, చిరుగులోంచి చూస్తూ నిలబడ్డాను.

ఆఫీసరుగారు వచ్చి కుర్చీలో కూర్చున్నారు. వెనక ఠాణా నుంచి వచ్చిన ఒక జవాను. ముసలమ్మ డేరా దాకా వచ్చింది, కలం పట్టుకుని సిద్ధంగా ఉన్న రాజావారిని చూసింది, చుట్టూ ఉన్న జనాన్ని చూసింది. జనమంతా జీపులో దిగిన పెద్దమనిషినే చూస్తున్నారు. ముసలమ్మ రాజావారిని దాటిపోయి, నేరుగా ఆఫీసరుగారి ముందు నిలబడింది.

"సారూ, మా ఆయిన పేరు జెప్తెనే ఓటియ్యనిస్తరట. నేను ఆయిన పేరు నోటితోని అననే అనను. మరి నాకు ఓటున్నట్టా లేనట్టా?"

సంతలో ఆడవాళ్లంతా కూరగాయలు వదిలేసి దగ్గరికి జరిగారు. ఆఫీసరుగారు ముందు చిరాకు పడ్డారు, తర్వాత ఆవిడ ముఖంలోకి చూశారు. భర్త పేరు పక్కనున్నవాళ్లు చెప్పినా చాలని, ఓటు మాత్రం ఆవిడదే, భర్తది కాదని చెప్పారు. నేను పుస్తకంలో ఆడవాళ్ల ఓటు దగ్గర టిక్కు పెట్టాను. ముసలమ్మ వదల్లేదు. చదువురానోళ్లకు డబ్బాలు ఎట్ల తెలుస్తయని అడిగింది. ఆయన లేచి, ఆవిడ చేయి పట్టుకుని డేరాలోకి తీసుకొచ్చి, తెర అంచు జరిపి డబ్బాల మీది గుర్తులు ఒక్కొక్కటే చూపించారు. అన్నీ పుస్తకంలో ఉన్నవే. టిక్కు, టిక్కు. రాజావారు కలం పట్టుకుని గుడ్లప్పగించి చూస్తున్నాడు. ఆయన తొమ్మిది మాటల్లో ఐదు అప్పటికే ఆఫీసరుగారు చెప్పేశారు.

అప్పుడు ముసలమ్మ గొంతు తగ్గించి అడిగింది. "అది గాదు సారూ. నేను ఎవనికేసిన్నో మా దొరకు తెలుస్తదా? ఇంతకుముందు ఏలిముద్ర ఏసిన కాయితాలన్నీ ఆయన తాననే ఉన్నయి."

అక్కడ నిలబడ్డ ప్రతి ఒక్కరి ప్రశ్నా అదే. ఆఫీసరుగారు తెర చూపించి, "ఈ తెర లోపలికి నువ్వొక్కదానివే పోతావమ్మా. నేను రాను, దొర రాడు, నీ కొడుకు కూడా రాడు. చీటీ మీద నీ పేరు ఉండదు, నీ... నీ..." అని మాట కోసం ఆగారు.

నా నోరు ఊరుకుంటుందా? తెర వెనక నుంచి అందించాను. "వేలిముద్ర ఉండదు."

"వేలిముద్ర ఉండదు!" అన్నారు ఆఫీసరుగారు, మైదానమంతా వినపడేలా. ఎంతోమంది నటులకు మాటలందించాను, అంత చక్కగా అందుకున్నవాణ్ణి నేను చూడలేదు.

సరిగ్గా అప్పుడే ఠాణా జవాను ముందుకొచ్చాడు. ముసలమ్మ పాదాల వైపు చాలాసేపటి నుంచి చూస్తున్నాడు. పాదాలు మగవాడివి, చీర వాటిని పూర్తిగా కప్పడం లేదు. "ఏ అవ్వ, జెర ముసుగు తియ్యి" అని లాఠీ అడ్డం పెట్టాడు.

చాచా సంచీని రొమ్ముకు అదుముకోవడం నాకు చిరుగులోంచి కనపడింది. నేను బయటికి పోవాలి, చిట్టి చూపించాలి, నిజం చెప్పాలి. అన్నీ తెలుసు, కాలు కదలలేదు. చాచా కొంగు తీయలేదు, వెనక్కి జరగలేదు. ముసలమ్మ గొంతుతోనే ఆఫీసరుగారిని అడిగాడు. "చూసినవా సారూ? నేను అడగంగనే కట్టె అడ్డం వెట్టిండు. ఓటు నాడు సుత గిట్లనే పెడ్తరా?"

ఆఫీసరుగారి ముఖం ఎర్రబడింది. "లాఠీ తియ్యవయ్యా. ఆమె నాతో మాట్లాడుతోంది" అన్నారు. జవాను సలాం కొట్టి వెనక్కి పోయాడు. ఆ తర్వాత ఆయనే ముసలమ్మ చేతికి ఒక చీటీ ఇచ్చి, తెర లోపలికి పంపి, తాను వీపు తిప్పుకుని నిలబడ్డారు. చాచా లోపలికొచ్చాడు. మేమిద్దరం ఎదురెదురుగా ఉన్నాం. చీటీ డబ్బాలో వేసి, నా వైపు చూడకుండా వెళ్లిపోయాడు. బయట ఆడవాళ్లు వరసకట్టారు, మాకూ ఒక చీటీ ఇయ్యమని. నా పుస్తకంలో టిక్కు పడని విషయం ఒక్కటీ మిగల్లేదు.

ఆఫీసరుగారు చెమట తుడుచుకుని కుర్చీలో కూర్చున్నారు. గడియారం చూసుకుని నన్ను పిలిచి అడిగారు, "మీ నాటకం ఎప్పుడు మొదలుపెడతారు?"

నాకు మాట అందించేవాడు లేడు. నిజం చెప్తే ఆ వరసలో ఉన్న ఆడవాళ్లంతా నవ్వులపాలవుతారు, ఇందాకటి మాటలన్నీ నాటకమని కొట్టిపారేస్తారు, ఆయన పరువు సంతలో పోతుంది. చెప్పకపోతే మా నౌకరీలు పోతాయి. రాజావారు డేరాలోంచి లేచి వచ్చాడు. ముఖ్య నటుడికి జ్వరమండీ, ఈరోజు వేయలేమండీ అన్నాడు, మోచీ గొంతుతో, ఆఫీసరుగారి చెప్పుల వైపు చూస్తూ. ఆయన కుర్చీ తన్ని లేచారు. పనంతా తానే చేయాల్సి వచ్చిందనీ, రేపు పొద్దున్నే ఆఫీసుకొచ్చి రద్దు కాగితాలు తీసుకోమనీ చెప్పి జీపెక్కారు.

తిరిగి వచ్చేటప్పుడు ఎడ్లబండిలో చాచా పక్కన కూర్చున్నాను. చాచా సొంత లుంగీలో ఉన్నాడు. జేబులోంచి చిట్టి తీసి ఆయన చేతిలో పెట్టాను. ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

"ఎర్కే బేటా" అన్నాడు. "నీ జేబులకెంచి కనబడుతనే ఉండె. మల్ల నువ్వు ఇచ్చిన అన్నప్పుడు, తెర ఎన్కకెంచి అందించినట్టు గుసగుస అన్నవు."

మరి తెలిసీ ఎందుకు కట్టావని అడిగాను. "చీర చేతులవడ్డది. ఇగ చేతులాగలే" అన్నాడు. తర్వాత చిట్టిని మడిచి మళ్లీ నా జేబులోనే పెట్టాడు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

మర్నాడు పొద్దున నలుగురం వెళ్లాం. చాచా తెల్ల కుర్తా వేసుకున్నాడు. ఆఫీసరుగారు కాగితాల మీద సంతకం పెట్టబోతుంటే, చాచా వంగి మూడుసార్లు సలాం చేసి, "నిన్నటి ముసల్ది నేనే, హుజూర్" అన్నాడు. ఆయన నమ్మలేదు. ఎగతాళి చేస్తున్నామనుకుని కోపంతో బయటికి పొమ్మన్నారు. చాచా కదలకుండా, కొంగు లేకుండా, సంచీ లేకుండా, ఆ గొంతుతో అడిగాడు. "సారూ, నేను ఎవనికేసిన్నో మా దొరకు తెలుస్తదా?"

ఆఫీసరుగారు కుర్చీలోంచి లేచారు, నిన్న లేచినట్టే. సగం లేచి ఆగి, మమ్మల్నందరినీ చూసి, మెల్లగా కూర్చున్నారు. "వేలిముద్ర ఉండదు అన్నదెవరు?" అని అడిగారు. నేను చెయ్యెత్తాను. అప్పుడు నవ్వారు. గది బయట గుమాస్తాలు తలుపు తీసి చూసేంతగా నవ్వారు. రద్దు కాగితాలు చింపేసి, చాచా వైపు తిరిగి, మీ ఆచారం ప్రకారం ఇనాం ఏం కావాలని అడిగారు.

చాచా శాలువా అడగలేదు, నౌకరీ అడగలేదు. "ఒక చిట్టి రాసియ్యుండ్రి హుజూర్. నాది వేషమే గని మోసం గాదని. సర్కారు మొహర్ ఉండాలె" అన్నాడు. ఆఫీసరుగారికి అర్థం కాలేదు. నేను చెప్పాను, అరబ్బు వేషం సంగతి, పన్నెండు రోజుల సంగతి, నేను ఇవ్వని చిట్టి సంగతి కూడా. అవన్నీ నా సొంత మాటలే. ఆయన తన చేత్తోనే రాశారు. ఈ పత్రం చూపిన వ్యక్తి బహురూపి కళాకారుడు, ఏ వేషంలో ఉన్నా ఇతన్ని ఆపరాదు. ముద్ర వేసి రెండు చేతులతో ఇచ్చారు. చాచా దాన్ని కళ్లకద్దుకున్నాడు. ఎన్నికలు దగ్గరపడే దాకా మాతో ఊరూరా తిరిగాడు. మా రాజావారి తొమ్మిది మాటలు మాత్రం ఏ ఊళ్లోనూ పూర్తి కాలేదు. ఎప్పుడూ ఎవరో ఒక నిజం మనిషి ముందే చెప్పేసేవాడు.

ఓట్ల రోజు సికింద్రాబాద్‌లో నేనూ చాచా ఒకే వరసలో నిలబడ్డాం. గుమ్మం దగ్గర డ్యూటీలో ఉన్నది ఎవరనుకున్నారు, కాప్రాలో లాఠీ అడ్డం పెట్టిన ఆ జవానే. అతనికి అప్పటికి సంగతంతా తెలిసిపోయింది. చాచాను చూసి చేయి అడ్డం పెట్టి, "ఇయ్యాల ఏం వేషం చాచా?" అన్నాడు.

"ఏం వేషం లేదు. ఇది నా మొఖమే" అన్నాడు చాచా.

జవాను నమ్మలేదు. ఇంకోసారి మోసపోవడానికి అతను సిద్ధంగా లేడు. చాచా గడ్డం మా తిరుగుడు ముగిశాక కొత్తగా పెంచింది, దాన్ని కొంచెం లాగి చూశాడు. ఊడలేదు. వరసంతా నవ్వింది. చాచా కుర్తా జేబులోంచి సర్కారు చిట్టి తీసి ఇచ్చాడు. జవాను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, తిరిగిచ్చేశాడు. "ఇది వేషానికి చాచా. నీకు వేషం లేదంటివి. మరి చిట్టి చెల్లది గద" అన్నాడు, పూర్తి నిజాయితీతో.

చాచా ఒక్క క్షణం నా వైపు చూశాడు. నా పెదవులు కదలలేదు. ఆయనే జవాను వైపు తిరిగాడు.

"అట్లయితే రాసుకో. ఓటేసేటోని వేషం. ఇయ్యాలనే మొదలు కట్టిన."

జవాను ఆలోచించి, పక్కకు జరిగి దారిచ్చాడు. ఆ రోజు ఆ వరసలో ఉన్నవాళ్లమంతా ఆ వేషం మొదటిసారి కట్టినవాళ్లమే. చాచా తెర లోపలికి ఒక్కడే పోయి, బయటికొచ్చి, ఇనాం అడిగే రోజున వంగినట్టే వంగి మా వరసకంతటికీ మూడుసార్లు సలాం చేశాడు.